ఘనాకృతులు గీయడానికి జేమోల్: దాని కెమిస్ట్రీ తెలివిని ఆపితే చాలు

జేమోల్ అనే ఈ కంప్యూటర్ ప్రోగ్రామ్ పుట్టింది అణువుల్ని చూపించడానికి. కానీ చతుర్ముఖి, ఘనం, అష్టముఖి, ద్వాదశముఖి, వింశతిముఖి లాంటివి గీసి, తిప్పి, కొలిచి చూపించడానికి ఉచితంగా దొరికే వాటిలో ఇంత తేలికైన సాధనం అరుదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంటర్, డిగ్రీ పాఠాలు చెప్పేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్న రివ్యూ ఇది. అంటే నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్లు, ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు ఉండే ఇంటర్నెట్, పెన్‌డ్రైవ్‌లో ఒక చోట నుంచి ఇంకో చోటికి తిరిగే ఫైళ్ళు. ఈ పరిస్థితిలో జేమోల్ బాగా నిలబడుతుంది. షరతు ఒక్కటే. పరమాణువుల్ని కలిపే గీతలు, అంటే బంధాలు, ఎక్కడెక్కడ ఉండాలో అది తనంతట తాను తేల్చేస్తుంది, ఆ పని మానిపించాలి. ఘనాకృతుల్లో వచ్చే తప్పుల్లో చాలావాటికి మూలం అదే.

ముందు ఇన్‌స్టాలేషన్ సంగతి. నిజానికి ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు. జిప్ ఫైలు దించుకుని విప్పితే అందులో జేమోల్ డాట్ జార్ ఉంటుంది. కంప్యూటర్లో జావా ఉంటే డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకోవాలి. మన ల్యాబుల్లో చాలా చోట్ల విన్‌రార్ ఆ జార్ ఫైలుని తనదే అనుకుని లోపలి ఫోల్డర్లు చూపిస్తుంది. ఫైలు పాడైందనుకుని మళ్ళీ డౌన్‌లోడ్ చేసేవాళ్ళున్నారు, అవసరం లేదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఆ ఫోల్డర్లోకి వెళ్ళి, జావా అని కొట్టి, మైనస్ జార్ అని చేర్చి, ఫైలు పేరు రాస్తే బేగి తెరుచుకుంటుంది. ఆ తర్వాత ఫైల్ మెనూలో కన్సోల్ తెరిచి పెట్టుకోవాలి. అసలు పనంతా అక్కడే, మెనూలతో అయ్యేది తక్కువ. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాశాం గానీ టైపు చెయ్యాల్సింది ఇంగ్లీషు అక్షరాల్లోనే.

ఘనాకృతి ఇవ్వడానికి ఎక్స్‌వైజెడ్ ఫైలు చాలు, నోట్‌ప్యాడ్‌లో రాసేయొచ్చు. మొదటి లైన్లో శీర్షాల సంఖ్య. రెండో లైను వ్యాఖ్య కోసం, ఖాళీగానైనా వదలాలి గానీ ఎగ్గొట్టకూడదు. మూడో లైను నుంచి ఒక్కో శీర్షానికి ఒక్కో లైను: మూలకం గుర్తు, ఆ తర్వాత మూడు నిరూపకాలు, మధ్యలో ఖాళీలు. శీర్షం అంటే ఇక్కడ పరమాణువే. రెండో లైను మర్చిపోతే మొదటి శీర్షాన్ని వ్యాఖ్య అనుకుని మింగేస్తుంది, 20 శీర్షాల ద్వాదశముఖిలో ఒక మూల ఎగిరిపోతుంది. మొదటి లైన్లో సంఖ్య తక్కువ వేసినా అంతే, చివరి శీర్షాలు రావు. ఇంకో రకం తప్పు కంటికి కనిపించదు. వర్డ్‌లో రాసి కాపీ చేస్తే మైనస్ గుర్తు పొడుగు గీతగా మారిపోతుంది, దాన్ని జేమోల్ సంఖ్యలో భాగంగా చదవలేదు. కాబట్టి నిరూపకాలు నోట్‌ప్యాడ్‌లోనే కొట్టాలి. నోట్‌ప్యాడ్ చివర్లో తన టీఎక్స్‌టీ తోక తగిలించినా జేమోల్‌కి ఇబ్బంది లేదు. అది ఫైలు పేరుని బట్టి కాకుండా లోపలున్నదాన్ని బట్టి రకం గుర్తుపడుతుంది. ఇలాంటిదే ఇంకో ప్రోగ్రామ్ అవగాడ్రోకి అలా కుదరదు, పేరు సరిచెయ్యాల్సిందే.

నిరూపకాలు కంఠతా పట్టక్కర్లేదు. ఘనానికి మూడు స్థానాల్లోనూ ప్లస్ 1 లేదా మైనస్ 1, అన్ని కలయికలూ రాస్తే 8 శీర్షాలు, అంచు 2. వాటిలో మైనస్‌లు సరిసంఖ్యలో ఉన్న నాలుగు తీసుకుంటే చతుర్ముఖి, అంచు 2.828. ఒక స్థానంలో ప్లస్ లేదా మైనస్ 1, మిగతా రెండిట్లో సున్నా పెడితే అష్టముఖి, అంచు 1.414. వింశతిముఖికి 0, 1, 1.618 అనే మూడు సంఖ్యలు. అన్ని గుర్తులతోనూ రాసి, స్థానాలు చక్రంలా తిప్పితే 12 శీర్షాలు, అంచు 2. చక్రంలా అంటే చక్రంలాగే. 0, 1, 1.618 తర్వాత 1, 1.618, 0 రావాలి, ఆ తర్వాత 1.618, 0, 1. ఇష్టమొచ్చినట్టు తారుమారు చేస్తే 24 శీర్షాలు తయారై ఆకారం ముద్దగా కనిపిస్తుంది. ద్వాదశముఖికి ఘనం శీర్షాలు ఎనిమిదీ ఉంచి, 0, 0.618, 1.618 ని అదే పద్ధతిలో తిప్పి 12 కలపాలి. అంచు 1.236.

ఇప్పుడు అసలు చిక్కు. శీర్షాలన్నీ కార్బన్ అని రాసి ఫైలు తెరిస్తే అష్టముఖికీ ద్వాదశముఖికీ అంచులు వాటంతటవే వచ్చేస్తాయి, ఘనానికీ వింశతిముఖికీ చతుర్ముఖికీ రావు. చతుర్ముఖి అయితే నాలుగు బూడిదరంగు బంతులు విడివిడిగా తేలుతుంటాయి. కారణం, జేమోల్ ప్రతి మూలకానికీ ఒక బంధ వ్యాసార్ధం పెట్టుకుంటుంది. రెండు పరమాణువుల వ్యాసార్ధాలు కలిపి, దానికి 0.45 ఆంగ్‌స్ట్రామ్‌ల (మన నిరూపకాల్ని జేమోల్ చదివేది ఈ కొలతలోనే) సడలింపు చేర్చి, దూరం ఆ లోపు ఉంటే గీత గీస్తుంది. రెండు కార్బన్లకి ఆ హద్దు 2 కి కాస్త తక్కువ. అష్టముఖి అంచు 1.414 లోపలే ఉంది, ఘనం, వింశతిముఖిల అంచు 2, చతుర్ముఖి అంచు 2.828 బయట పడ్డాయి. కార్బన్ బదులు సల్ఫర్ పెడితే హద్దు పెరిగి, ద్వాదశముఖి ముఖాల్లో 2 పొడవున్న కర్ణాలు కూడా అంచుల్లా గీసేస్తుంది, ప్రతి పంచభుజిలోనూ ఒక నక్షత్రం. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ మనకి కావలసింది అది కాదు.

కాబట్టి ఫైలు తెరవకముందే కన్సోల్‌లో సెట్ ఆటోబాండ్ ఆఫ్ అని కొట్టాలి. తెరిచాక కొడితే లాభం లేదు, అప్పటికే బంధాలు వేసేసి ఉంటుంది. తర్వాత కనెక్ట్ కమాండ్‌కి కనిష్ఠ దూరం, గరిష్ఠ దూరం ఇవ్వాలి. అంచు 2 అయితే 1.9, 2.1. చతుర్ముఖికి 2.7, 2.9. హద్దులు అంచుకి రెండు వైపులా 0.1 దూరంలో పెడితే ఈ అయిదు ఆకృతుల్లో దేనికీ తప్పు గీత పడదు. తప్పుగా పడితే కనెక్ట్ డిలీట్‌తో అన్నీ చెరిపి మళ్ళీ మొదలుపెట్టడం నయం, ఒక్కో గీతా ఏరుకుంటూ కూర్చోవద్దు.

ఈ 0.1 సూత్రం సరిగ్గా పాటించకపోతే దెబ్బతినే ఆకృతి ఒకటుంది, సమచతుర్భుజ ద్వాదశముఖి. గార్నెట్ స్ఫటికం సహజంగా పెరిగితే తరచూ తీసుకునే రూపం ఇదే. శ్రీకాకుళం తీరపు ఇసుకలో గార్నెట్ ఉంది, మన కొండల ఖోండలైట్ రాతిలోనూ ఉంది. ఇసుకలో రేణువులు అరిగిపోయి ఉంటాయి కాబట్టి ఆ పన్నెండు ముఖాలు కంటికి దొరకవు. అందుకే పాఠంలో దీన్ని తెర మీద చూపించడం బాగుంటుంది. ఘనం శీర్షాలు ఎనిమిదికి, 2 లేదా మైనస్ 2 ఒక స్థానంలోనూ మిగతా చోట్ల సున్నా ఉన్న ఆరు శీర్షాలు కలిపితే మొత్తం 14. అంచులు 24, ఒక్కోటి 1.732. ముఖం పొట్టి కర్ణం 2. రెండిటికీ తేడా 0.27 మాత్రమే. ఉజ్జాయింపుగా 1.6, 2.1 అని ఇచ్చేస్తే కర్ణాలూ పడి, లోపల ఒక ఘనం ఇరుక్కున్నట్టు కనిపిస్తుంది. దీనికి గట్టి విరుగుడు దూరాలతో కుస్తీ పట్టడం కాదు. ఎనిమిది శీర్షాలకి కార్బన్ పెట్టి, ఆరింటికి నైట్రోజన్ పెట్టి, కార్బన్‌కీ నైట్రోజన్‌కీ మధ్య మాత్రమే 1.7, 1.8 హద్దులతో కనెక్ట్ చెయ్యమని అడగాలి. ఒకే రకం శీర్షాల మధ్య గీత పడే అవకాశమే ఉండదు. పైగా మూడు అంచులు కలిసే మూలలు బూడిదరంగులోనూ నాలుగు కలిసేవి నీలంలోనూ వస్తాయి కాబట్టి రెండు రకాలు ఉన్నాయని పిల్లలకి చెప్పక్కర్లేదు, వాళ్ళే చెప్తారు.

గీతల మందం దగ్గర ఒక పాత వారసత్వం వేధిస్తుంది. వైర్‌ఫ్రేమ్ (గీతల మందం), స్పేస్‌ఫిల్ (శీర్షాల దగ్గర గోళాల వ్యాసార్ధం) కమాండ్ల పక్కన దశాంశ బిందువుతో సంఖ్య ఇస్తే ఆంగ్‌స్ట్రామ్‌లు. బిందువు లేకుండా ఇస్తే రాస్‌మోల్ అనే పాత ప్రోగ్రామ్ కాలం నాటి కొలత, ఆంగ్‌స్ట్రామ్‌లో 250వ వంతు. అంటే స్పేస్‌ఫిల్ 1.0 అంటే పెద్ద గోళం, స్పేస్‌ఫిల్ 1 అంటే కంటికి ఆనని చుక్క. శీర్షాలు మాయమయ్యాయంటే ముందు చూడాల్సింది ఆ బిందువునే. ఘనాకృతులకి స్పేస్‌ఫిల్ 0.12, వైర్‌ఫ్రేమ్ 0.06 బాగుంటాయి. ప్రొజెక్టర్‌కైతే రెండూ రెట్టింపు చెయ్యాలి, లేకపోతే వెనక బెంచీకి కనిపించవు.

ఇదే స్పేస్‌ఫిల్ ఘనస్థితి పాఠానికి బంగారంలా పనికొస్తుంది. అంచు 2 ఉన్న ఘనం మూలల్లో పరమాణువులు పెట్టి స్పేస్‌ఫిల్ 1.0 ఇస్తే సరళ ఘనపు గోళాలు ఒకదాన్నొకటి సరిగ్గా తాకుతాయి, నిండిన చోటు 52.4 శాతం. మధ్యలో ఒక పరమాణువు చేర్చి 0.866 ఇస్తే అంతఃకేంద్రిత ఘనం, 68 శాతం. మధ్యది తీసి ఆరు ముఖాల మధ్యలో పెట్టి 0.707 ఇస్తే ఫలక కేంద్రిత ఘనం, 74 శాతం. అంతఃకేంద్రితంలో గోళాలు అంచు వెంబడి కాకుండా ఘనం కర్ణం వెంబడి తాకుతాయన్నది బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కదు. ఇక్కడ మౌస్‌తో తిప్పితే అంచు మీద సందు కనిపిస్తుంది, కర్ణం మీద కనిపించదు.

ముఖాలకి రంగు నింపాలంటే పాలిహెడ్రా కమాండ్ ఉంది. ఇది కెమిస్ట్రీ మనసుతో రాసింది కాబట్టి మధ్యలో ఒక పరమాణువు లేనిదే పని చెయ్యదు. ఘనం అయితే 0, 0, 0 దగ్గర ఒకటి పెట్టి, మధ్య నుంచి మూలకి 1.732 దూరం కాబట్టి వ్యాసార్ధం 1.8 ఇవ్వాలి. ఆటోబాండ్ ఆపకుండా ఇది చేస్తే మధ్య పరమాణువు నుంచి ఎనిమిది మూలలకీ బండిచక్రం ఆకుల్లా గీతలు పడి, ఘనం బదులు ముళ్ళబంతి వస్తుంది. ముఖాలు ఆ మధ్య పరమాణువు సొత్తు. అది అడ్డంగా ఉందని తొలగిస్తే ముఖాలూ పోతాయి. దాన్ని ఒక్కదాన్నే సెలెక్ట్ చేసి స్పేస్‌ఫిల్ ఆఫ్ చెయ్యడమే దారి. రంగుని ట్రాన్స్‌లూసెంట్ చేస్తే వెనక అంచులు కూడా కనిపిస్తాయి. శీర్షాలు ఎక్కువైన కొద్దీ ఈ కమాండ్ తడబడుతుంది, పెద్ద ఆకృతులకి అంచులతోనే సరిపెట్టుకోవడం మేలు.

నిజమైన ఖనిజం మీద పాలిహెడ్రా అసలు సత్తా తెలుస్తుంది. గరివిడి, చీపురుపల్లి అంటే మాంగనీసు గనులు. కోడూరు గని పేరు మీదే ఒక రాయికి కోడురైట్ అని పేరు పెట్టారు. మాంగనీసు ఖనిజాల్లో పైరోలుసైట్ అంటే మాంగనీస్ డయాక్సైడ్. దాని నిర్మాణం సీఐఎఫ్ (స్ఫటిక నిర్మాణాలు రాసే ఫార్మాట్) ఫైలుగా క్రిస్టలోగ్రఫీ ఓపెన్ డేటాబేస్‌లో ఉచితంగా దొరుకుతుంది. మాంగనీసు చుట్టూ ఆరు ఆక్సిజన్లతో పాలిహెడ్రా వెయ్యమంటే అష్టముఖులు వస్తాయి. అవి అంచులు పంచుకుంటూ వరుసగా పేర్చుకున్నట్టు కనిపించాలి. మామూలుగా తెరిస్తే కనిపించవు. ఒక్క యూనిట్ సెల్‌లో (స్ఫటికంలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గడి) చాలా మాంగనీసులకి ఆరు ఆక్సిజన్లూ ఉండవు, కొన్ని పక్క సెల్‌లో ఉండిపోతాయి. లోడ్ చేసేటప్పుడే ఫైలు పేరు తర్వాత మీసాల బ్రాకెట్లలో 2 2 3 అని రాసి సెల్‌లు పెంచుకోవాలి. పాత కంప్యూటర్లో 3 3 3 దాటకపోవడం మంచిది.

కొలతల దగ్గర జేమోల్‌ని మెచ్చుకోవాలి. మొదటి పరమాణువు మీద డబుల్ క్లిక్, మధ్యవాటి మీద ఒక్కో క్లిక్, చివరిదాని మీద డబుల్ క్లిక్. రెండైతే దూరం, మూడైతే కోణం, నాలుగైతే టార్షన్ కోణం. అణువుల్లో మెలిక కొలవడానికి పెట్టిన ఈ నాలుగోది ఘనాకృతుల్లో రెండు ముఖాల మధ్య కోణాన్ని నేరుగా ఇచ్చేస్తుంది. ఒక ముఖంలో ఒక శీర్షం, రెండు ముఖాలకీ ఉమ్మడిగా ఉన్న అంచు రెండు చివరలు, అవతలి ముఖంలో ఒక శీర్షం, ఈ వరుసలో నొక్కాలి. చతుర్ముఖికి 70.5 డిగ్రీలు, ఘనానికి 90, అష్టముఖికి 109.5, ద్వాదశముఖికి 116.6, వింశతిముఖికి 138.2 రావాలి. మైనస్ గుర్తు వస్తే పట్టించుకోవద్దు, నొక్కిన దిశ మాత్రమే అది చెప్తుంది. అష్టముఖికి వచ్చిన 109.5, మీథేన్‌లో బంధకోణం ఒకటే. చతుర్ముఖి మధ్యలో పరమాణువు పెట్టి రెండు మూలలకి కోణం కొలిస్తే అదే సంఖ్య మళ్ళీ పలుకుతుంది. లెక్కల మాస్టారు, కెమిస్ట్రీ మాస్టారు ఒకే క్లాసులో కూర్చుని చెప్పదగ్గ పాఠం ఇది. దూరం 2 రావాల్సిన చోట 0.20 అని వస్తే నానోమీటర్లలో చూపిస్తోందని అర్థం, మెజర్‌మెంట్ యూనిట్స్‌ని ఆంగ్‌స్ట్రామ్‌లకి మార్చాలి. పెర్‌స్పెక్టివ్ డెప్త్ ఆఫ్ చెయ్యడం కూడా అలవాటు చేసుకోవాలి. అది ఆన్‌లో ఉంటే వెనక ముఖం చిన్నదిగా కనిపించి, ఘనం వెనకవైపు కుంచించుకుపోయిన పెట్టెలా ఉంటుంది.

అవగాడ్రో మెనూలు కళ్ళకి ఇంపుగా ఉంటాయి, అణువులు కట్టడానికి దానికే ఓటు. ఘనాకృతులకి మాత్రం వద్దు. పాత అవగాడ్రో బంధాలు వెయ్యడానికి ఓపెన్ బేబెల్ అనే ఇంకో ప్రోగ్రామ్ మీద ఆధారపడుతుంది. అది కార్బన్‌కి నాలుగు బంధాలకి మించి ఒప్పుకోదు. వింశతిముఖిలో ప్రతి శీర్షం దగ్గరా అయిదు అంచులు కలుస్తాయి కదా, అంచు పొడవు తగ్గించి రాసినా అక్కడక్కడా అంచులు ఊడిపోయి చిరిగిన బంతి వస్తుంది. శీర్షం దగ్గర నాలుగు అంచుల వరకూ నడుస్తుంది, ఆపైన నమ్మలేం.

శంకువు, స్తూపం, గోళం లాంటి వంపు ఆకృతులు కావాలంటే జేమోల్ పక్కన పెట్టి వీఎండీ అనే ఇంకో అణు ప్రోగ్రామ్ తీసుకోవాలి. ఇలినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళది, ఉచితమే గానీ ఈమెయిల్ ఇచ్చి రిజిస్టర్ కావాలి. దాని టీకే కన్సోల్‌లో డ్రా కోన్, డ్రా సిలిండర్, డ్రా స్ఫియర్ అని నేరుగా గీయొచ్చు. శంకువుకి అడుగు బిందువు, కొన, వ్యాసార్ధం, రిజల్యూషన్ ఇవ్వాలి. రిజల్యూషన్ ఇవ్వకపోతే 6 అనుకుంటుంది, అందుకే గుండ్రటి స్తూపం అడిగితే ఆరు పలకల దిమ్మె వస్తుంది. 40 ఇస్తే నున్నగా వస్తుంది. ఈ లోపాన్నే పనికి పెట్టుకోవచ్చు. సిలిండర్‌కి 3 ఇస్తే త్రిభుజ పట్టకం, 6 ఇస్తే షడ్భుజ పట్టకం, కోన్‌కి 4 ఇస్తే చతురస్ర పిరమిడ్. వెలుగునీడలు నునుపుగా పడి అంచులు అలుక్కుపోయినట్టుంటాయి కాబట్టి డ్రా లైన్‌తో అంచులు విడిగా గీసుకోవాలి. సిలిండర్‌కి ఫిల్డ్ యస్ అని చేర్చకపోతే రెండు చివరలూ తెరిచిన గొట్టం వస్తుంది. రంగు మార్చే కమాండ్ ఆ తర్వాత గీసేవాటికే వర్తిస్తుంది, ముందు గీసినవి మారవు. డెప్త్ క్యూయింగ్ ఆపకపోతే వెనకభాగం మసకబారుతుంది.

బొమ్మ బయటికి తీసేటప్పుడు జేమోల్‌లో ముందు బ్యాక్‌గ్రౌండ్ వైట్ అని కొట్టాలి. నల్ల నేపథ్యంతో తీసుకెళ్ళి ఏడు రోడ్ల జంక్షన్‌లోనో గంటస్తంభం దగ్గరో జెరాక్స్ తీయిస్తే పేజీ అంతా టోనర్ తాగి, అసలు ఆకృతి కనిపించదు. నలుపుతెలుపు ప్రింటుకి పారదర్శక ముఖాలూ వద్దు, అన్నీ ఒకే బూడిదరంగులోకి దిగిపోతాయి. రైట్ ఇమేజ్ కమాండ్‌కి 2000 2000 అని కొలతలు ఇస్తే ఏ4 కాగితానికి చాలినంత స్పష్టత వస్తుంది. పీఎన్‌జీజే అనే ఫార్మాట్‌లో దాస్తే ఇంకో లాభం ఉంది. చూడ్డానికి మామూలు బొమ్మే, కానీ జేమోల్‌లోకి లాగి వదిలితే ఆకృతి మొత్తం, తిప్పిన కోణంతో సహా మళ్ళీ లేస్తుంది. దీన్ని వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది కుదించేసి లోపలి సమాచారం పారేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపాలి.

పిల్లల ఫోన్లలో చూపించాలంటే జావా లేకుండా బ్రౌజర్‌లో నడిచే జేఎస్‌మోల్ అదే జిప్‌లో వస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా పేజీ తెరిస్తే క్రోమ్ భద్రత పేరుతో పక్క ఫైళ్ళని చదవనివ్వదు, పేజీ వచ్చినా ఆకృతి రాదు. నిరూపకాలని పేజీలోనే ఇన్‌లైన్‌గా రాసేయడం గానీ, చిన్న లోకల్ సర్వర్ పెట్టుకోవడం గానీ చెయ్యాలి. ఫోన్లో ఇది డెస్క్‌టాప్ జేమోల్ అంత చురుగ్గా ఉండదు, ఘనానికీ అష్టముఖికీ చాలు.

జేమోల్ చెయ్యలేని పని ఒకటి మన పాఠ్యపుస్తకాలకి బాగా అవసరం: వెనక దాగిన అంచుల్ని చుక్కల గీతలుగా చూపించడం. పరీక్ష పేపర్‌కో నోట్సుకో అలాంటి బొమ్మ కావాలంటే జియోజీబ్రా త్రీడీలో గీయాలి, అది తిప్పుతున్న కొద్దీ ఏ అంచు వెనక్కి వెళ్తే దాన్ని చుక్కలుగా మార్చుకుంటుంది.